ప్రభుత్వ దూరం

మా బోడికొండకూ జిల్లా కేంద్రమైన చింతలదుర్గానికీ మధ్య దూరం ఎంత అని అడిగితే మా ఊరివాళ్ళు వెంటనే జవాబు చెప్పరు. ఎందుకడుగుతున్నారో ముందు కనుక్కుంటారు. పెళ్ళి సంబంధం కోసమా, ప్రయాణభత్యం బిల్లు కోసమా, ఊరికే పోయిరావడానికా అన్నదాన్ని బట్టి దూరం మారుతుంది. కొత్తవాళ్ళు దీన్ని లౌక్యం అనుకుంటారు. కాదు, మా ఊరికి విమానం వచ్చాక అబ్బిన జ్ఞానం ఇది. ఆ విమానం సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. ప్రాంతీయ గగన అనుసంధాన మండలి బోడికొండ కార్యాలయంలో నేను సూపరింటెండెంటుని.

రెండు ఊళ్ళలోనూ విమానాశ్రయాలు ముందే కట్టేశాం. విమానం లేని రోజుల్లో కూడా మా రన్‌వే ఖాళీగా లేదు. చుట్టుపక్కల రైతులు వేరుశనక్కాయలు అక్కడే ఎండబోసుకునేవారు. అంత చదునైన కళ్ళం జిల్లాలో మరొకటి లేదని వాళ్ళు మండలిని మెచ్చుకున్నారు కూడా. అలా ప్రజాదరణ పొందుతున్న సమయంలో 'గగన సేతు' అనే పథకం వచ్చింది. విమానం నడపడానికి అయ్యే నష్టమంతా పై ప్రభుత్వమే భరిస్తుందట. మా డైరెక్టరు పరాంకుశరావుగారు ఆ ఉత్తర్వును కళ్ళకద్దుకుని, ఆ తర్వాత చదివారు. మూడో పేరాలో ఒక మాట ఉంది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం రెండు వందల కిలోమీటర్లకు తగ్గరాదు.

కొలిపించాం. తొంభై రెండు వచ్చింది.

"మళ్ళీ కొలవండి," అన్నారు డైరెక్టరుగారు. "ఈసారి సానుకూల దృక్పథంతో కొలవండి."

సానుకూల దృక్పథంతో కూడా తొంభై రెండే వచ్చింది. ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి పక్కింటి కదిరప్ప కూతురు చౌడేశ్వరి, మా అరుగు మీద పిల్లలకు లెక్కలు చెబుతోంది. కదిరప్ప మగ్గం నేసి ఆ అమ్మాయిని ఎమ్మెస్సీ బీఈడీ దాకా చదివించాడు. టీచరు ఉద్యోగానికి రెండుసార్లు పరీక్ష రాసింది. మొదటిసారి ఒక మార్కు తగ్గింది, రెండోసారి మార్కులు వచ్చాయి కాని పరీక్షే కోర్టులో రద్దయింది. మూడోసారి రాసి ఫలితం కోసం చూస్తోంది. ఇది తప్పితే వయసు దాటిపోతుంది, ఇంక రాయడానికి ఉండదు. వరసకు ఏమీ కాకపోయినా నన్ను చిన్నాయనా అని పిలుస్తుంది. ఆ చనువుతో నన్ను తిడుతుంది కూడా.

నా కష్టం విని పకపకా నవ్వింది.

"రెండు చుక్కలు పెట్టి గీత గీస్తే అదే గదా దూరం, చిన్నాయనా! మీ ఆఫీసోళ్ళకి ఒక స్కేలు కొనిచ్చేదానికి గూడా టెండరు పిలవాల్నా?"

నవ్వితే నవ్వింది గాని, పిల్లల ముందు అలా అనడం నాకు నచ్చలేదు. గీతల గురించి మండలికి వేరే అభిప్రాయం ఉంది.

ఆ అభిప్రాయం మర్నాటి సమావేశంలో ఏర్పడింది. ముందుగా ఇంజినీరుగారు విమానం పైకి లేచిన ఎత్తునూ కిందికి దిగిన ఎత్తునూ దూరంలో కలపమన్నారు. కలిపితే నూరు దాటింది కాని నూటికీ రెండు వందలకూ మధ్య ఇంకా చాలా ఆకాశం మిగిలింది. ప్రయాణికుడు గేటు నుంచి విమానం దాకా నడిచేది కూడా కలపవచ్చు కదా అని గుమాస్తా ఒకాయన సూచించాడు. అతనికి ఆ ఏడు ఉత్తమ ఉద్యోగి పురస్కారం వచ్చింది, సూచన మాత్రం సరిపోలేదు. చింతలదుర్గాన్నే కొంచెం అవతలికి జరిపితే ఎలా ఉంటుందన్న ప్రతిపాదనను రెవెన్యూ శాఖ పరిశీలనకు పంపాం. అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది.

అప్పుడు డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీస్తే విధానం మారబోతోందని మాకు తెలుసు.

"అసలు విమానం తిన్నగా పోవాలని ఎవరన్నారు?" అన్నారు. "తిన్నగా పోవడం ప్రైవేటు వాళ్ళ ఆలోచన. వాళ్ళకు లాభం కావాలి. మనది సేవ. సేవకు తొందర ఏమిటి?"

చింతలదుర్గానికి ఇవతల గుర్రాలగట్టు ఉంది. గట్టు మీద నరసింహస్వామి. మా సీమలో ఆయనకు మొక్కుకోని ఇల్లు లేదు, మొక్కు తీర్చడమంటే గట్టు చుట్టూ నడిచి ప్రదక్షిణం చేయడం. అది ఎండలో నడవలేక ఎందరి మొక్కులో బాకీ పడి ఉన్నాయి. విమానం గట్టు చుట్టూ ఒకసారి తిరిగితే ఇరవై ఎనిమిది కిలోమీటర్లు కలుస్తుందని ఇంజినీరుగారు లెక్క వేశారు. నాలుగు చుట్లతో రెండు వందల నాలుగు. పథకం ఖాయం.

మర్యాద కోసం గట్టు మీది అర్చకస్వామిని కూడా సంప్రదించాం. ఆయన చెవులు మూసుకున్నారు.

"నాలుగా? సరిసంఖ్యా? మూడు చేయండి, ఐదు చేయండి. నాలుగు చేసి స్వామిని మధ్యలో వదిలేసి పోతారా?"

మూడు చేస్తే పథకం ఒప్పుకోదు, నాలుగు చేస్తే స్వామి ఒప్పుకోడు. కాబట్టి ఐదు. ఆ విధంగా బోడికొండకూ చింతలదుర్గానికీ మధ్య గగనదూరం రెండు వందల ముప్పై రెండు కిలోమీటర్లుగా మండలి తీర్మానించింది. ఉత్తర్వు కాపీ నా చేతులతోనే టైపు చేశాను. ఐదు ప్రదక్షిణాలని రాయలేదు. 'సాంస్కృతిక విన్యాసాలు' అని రాశాం.

కథ ఇంతటితో అయిపోవలసింది. కాని ఉత్తర్వుకు ఐదో పేరా కూడా ఉంది. విమాన ప్రయాణానికి పట్టే మొత్తం సమయం, బస్సుకు పట్టే సమయంలో సగానికి మించరాదు. విమానం ఐదు చుట్లు తిరగడం, దానికి ముందు ప్రయాణికుల సామాను, చెప్పులు, నడుములు తనిఖీ చేయడం, అవి అయ్యాక తాంబూలం ఇచ్చి ఎక్కించడం అన్నీ కలిపితే రెండున్నర గంటలు. బస్సుకు మూడున్నర. డైరెక్టరుగారు మళ్ళీ కళ్ళజోడు తీశారు.

"విమానం వేగం పెంచలేం. అది సాంకేతిక విషయం. బస్సు వేగం తగ్గించగలం. అది పాలనా విషయం."

బస్సు డిపో మేనేజరుని పిలిపించారు. ఆయన డ్రైవరుగా చేరి మేనేజరైన మనిషి, పేరు దస్తగిరి. ఉత్తర్వు రెండుసార్లు చదివి తలగోక్కున్నాడు.

"సార్, మా బస్సు ఇంగా మెల్లగా పోవాలంటే ఎనక్కి పోవాల్సిందే."

"వెనక్కి అవసరం లేదు. పక్కకు పోండి. సమ్మిళిత అభివృద్ధి అంటే ఏమిటి? దారిలో లేని పల్లెలకు కూడా బస్సు వెళ్ళడం."

దస్తగిరి దారిలో లేని పదకొండు పల్లెల పేర్లు రాసుకుపోయాడు. ఆ పల్లెలవాళ్ళు మొదటి బస్సుకు మామిడాకుల తోరణాలు కట్టారు. పాపం, తమ ఊరికి బస్సు ఎందుకొచ్చిందో వాళ్ళకు తెలియదు. ప్రయాణం ఆరు గంటలైంది. సగానికి సగం, నియమానికి నియమం కుదిరాయి. బస్సులో పోయేవాళ్ళ సంగతి ఏమిటని ఆ సమావేశంలో ఎవరూ అడగలేదు. అడగవలసినవాళ్ళంతా బస్సులో ఉన్నారు.

విమానం ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం చౌడేశ్వరి ఫోను పట్టుకుని మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. ముఖం వెలుగుతోంది.

"వచ్చింది చిన్నాయనా! ఉద్యోగం వచ్చింది! రేపు సర్టిఫికెట్ల పరిశీలనంట."

"రేపా? ఇప్పుడా చెప్పేది?"

"ఇప్పుడే మెసేజీ వచ్చింది. చింతలదుర్గంలో, జిల్లా పరిషత్‌లో. పొద్దున పదకొండు లోపల రావాలంట. రాకుంటే హక్కు వదులుకున్నట్లు లెక్కంట."

ఆ మాట అంటూనే వెలుగు తగ్గింది. మొదటి బస్సు ఆరింటికి. ఇదివరకైతే తొమ్మిదిన్నరకల్లా దిగేది. ఇప్పుడు పదకొండు పల్లెల తోరణాలు దాటుకుని పన్నెండుకు చేరుతుంది. ఆ రాత్రికే పోదామంటే ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. కదిరప్ప కారు మాట్లాడదామని ఊరంతా తిరిగి వచ్చాడు. ఒక్క కారూ, జీపూ లేదు. ప్రారంభోత్సవానికి జనాన్ని తోలడానికి అన్నిటినీ మా మండలే మాట్లాడుకుంది.

కదిరప్ప నన్నేమీ అనలేదు. గుమ్మంలో కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అంటే బాగుండేదనిపించింది.

"విమానంలో రామ్మా," అన్నాను. "తొమ్మిదికి బయల్దేరుతుంది. సీట్లు పందొమ్మిది. అందరూ చూడటానికొచ్చేవాళ్ళే గాని ఎక్కేవాళ్ళు దొరకడం లేదు."

"ఐదు చుట్లు తిరిగే విమానంలోనా?"

"తిరిగినా గంటలోపే. పదికి దిగుతావు."

చౌడేశ్వరి మనసులో ఏదో లెక్క వేసుకుంది. ఆ అమ్మాయి లెక్క ఎప్పుడూ తప్పదు. కాని ఆ లెక్కలో మా మండలి లేదు.

మర్నాడు తొమ్మిదికి విమానం బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. మనుషులే సిద్ధంగా లేరు. మా ఊళ్ళో ఒకరు ప్రయాణమైతే ఇరవైమంది సాగనంపడానికి వస్తారు, వచ్చినవాళ్ళు బండెక్కి సీటు మీద తువ్వాలు పరిచి, సామాను సర్ది, బండి కదిలాక గాని దిగరు. విమానంలో కూడా అదే చేశారు. వాళ్ళను దింపేసరికి అరగంట. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గుమ్మడికాయ తిప్పి రన్‌వే మీద పగలగొట్టారు. ఆ ముక్కల మీద జారితే ప్రమాదమని పైలట్ రెహమానుగారు ఏరించారు. మండలి గీతం పాడారు. అది నిలబడి వినవలసిన గీతం కాబట్టి, బెల్టులు పెట్టుకున్నవాళ్ళంతా బెల్టులు విప్పి నిలబడ్డారు. మొక్కు బాకీ ఉన్నవాళ్ళతో పాటు డైరెక్టరుగారూ, గట్టు మీది అర్చకస్వామీ, నేనూ ఎక్కాం. విమానం లేచేసరికి పది దాటింది.

లేచాక బాగానే ఉంది. కింద వేరుశనగ చేలు, ఎర్రమట్టి దారులు, చీమల్లా మేకలు. చౌడేశ్వరి మాత్రం కిటికీలోంచి ఒక్కసారి కూడా చూడలేదు. సర్టిఫికెట్ల సంచీని ఒళ్ళో గట్టిగా పట్టుకుని ముందున్న గడియారం వైపే చూస్తోంది. కాసేపటికే గుర్రాలగట్టు వచ్చింది. గట్టు పక్కనే, చెయ్యి చాపితే అందేటట్టు, చింతలదుర్గం రన్‌వే కనిపించింది.

"నరసింహా!" అని అందరూ దండం పెట్టారు. విమానం వాలి తిరగడం మొదలుపెట్టింది. సగం తిరిగేసరికి మూడో వరసలో ఉన్న ఆదెమ్మ అవ్వ కేకేసింది.

"ఓయబ్బా, ఎడమకి తిరగతాండాడు! నిలపండి! అప్రదక్షిణం!"

నిజమే. పైలట్ కూర్చునేది ఎడమపక్క. గట్టు తనకు కనబడుతుండాలి కాబట్టి ఆయన ఎడమకు తిప్పాడు. స్వామిని కుడిపక్క పెట్టుకుని తిరగాలన్న సంగతి విమానశాస్త్రంలో లేదు. లోపల గగ్గోలు. ఒకాయన లెంపలు వేసుకున్నాడు. ఆదెమ్మ అవ్వ సీటు కిందికి దిగిపోతానంది. డైరెక్టరుగారు మైకు అందుకున్నారు.

"సభ్యులు శాంతించాలి. జరిగిన చుట్టును మండలి రెండు భాగాలుగా పరిగణిస్తోంది. అది దూరానికి లెక్క వస్తుంది, పుణ్యానికి రాదు."

"మాకు పుణ్యమే కావాల!" అన్నారందరూ ఒక్క గొంతుతో.

కాబట్టి తప్పు తిరిగినదాన్ని ఊడదీయడానికి కుడివైపుగా ఒక చుట్టు, ఆ తర్వాత అసలు ఐదు చుట్లు మొదలయ్యాయి. కుడికి తిరిగితే గట్టు కనబడక రెహమానుగారు దూరం దూరంగా, మెల్లగా తిప్పారు. ప్రతి చుట్టుకూ హారతి ఇవ్వాలని అర్చకస్వామి పట్టుబట్టారు. నిప్పు వెలిగించకూడదంటే బ్యాటరీ దీపంతో ఇచ్చారు. ప్రతి చుట్టులోనూ ఒకసారి చింతలదుర్గం రన్‌వే కిటికీలోకి వచ్చి వెళ్ళిపోతోంది. మూడోసారి వచ్చినప్పుడు చౌడేశ్వరి లేచి ముందుకు వెళ్ళింది.

"సార్, అదే గదా సార్ మనం దిగాల్సింది. ముందు మమ్మల్ని దింపేయండి. కావాలంటే మళ్ళా లేసి ఎన్ని చుట్లయినా తిరుక్కోండి. పదకొండుకు నేను పరిషత్‌లో లేకుంటే నా ఉద్యోగం పోతాది సార్."

డైరెక్టరుగారు చెడ్డవారు కారు. ఎంతో వాత్సల్యంగా చెప్పారు.

"అమ్మా, మీరు చదువుకున్నవారు. మిమ్మల్ని దింపి తిరిగితే దాన్ని వృథా వ్యయం అంటారు. మిమ్మల్ని లోపల పెట్టుకుని తిరిగితే ప్రజాసేవ అంటారు. మీ వ్యక్తిగత ఇబ్బందిని మండలి సూత్రప్రాయంగా విచారిస్తోంది."

చౌడేశ్వరి వచ్చి కూర్చుంది. నేను ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. నాలుగోసారి రన్‌వే వచ్చింది, పోయింది. ఐదోసారి వచ్చినప్పుడు గడియారం పదకొండు చూపిస్తోంది. ఆ అమ్మాయి సంచీ మీద తల పెట్టుకుంది. శబ్దం లేకుండా ఏడుస్తోందని భుజాలు చూస్తే తెలిసింది. పక్కన ఆదెమ్మ అవ్వ కళ్ళు తుడుచుకుంటూ, "నలభై ఏండ్ల మొక్కు తీరిందమ్మా, నీకూ ఆనందంతో నీళ్ళొస్తాండాయా?" అంది.

విమానం దిగింది. దిగీ దిగగానే దండలు, డప్పులు. అవి తప్పించుకుని చౌడేశ్వరిని వెంటబెట్టుకుని నేను పరిషత్‌కు పరుగెత్తాను. ఆ ప్రాంగణంలోనే ఒక హాల్లో సర్టిఫికెట్ల పరిశీలన, పక్క హాల్లో మా డైరెక్టరుగారికి సన్మానం. పరిశీలన అధికారి మహానందిగారు అప్పటికే రిజిస్టరు మూసి తాళంచెవి వెతుక్కుంటున్నారు.

"పదకొండు దాటింది. హక్కు వదులుకున్నట్టే."

"నేను వదులుకోలేదు సార్. నన్ను గాల్లో తిప్పినారు."

"గాలిలో తిరిగినవాళ్ళకు మినహాయింపు లేదమ్మా. ఉన్న మినహాయింపు ఒక్కటే. రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి వచ్చేవాళ్ళకు సాయంత్రం ఐదు దాకా గడువు. అదీ ఈ జిల్లాలో ఎవరికీ వర్తించదు. అంత దూరపు ఊరే జిల్లాలో లేదు. నిబంధనలు నిండుగా కనిపించాలని పెట్టాం."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. చౌడేశ్వరి నా వైపు చూడలేదు. నేల వైపు చూసింది. రెండు చుక్కల మధ్య గీతే దూరమని మా అరుగు మీద పిల్లలకు చెప్పిన మనిషి. ఇప్పుడు చెప్పబోయే మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడిందో నేను చూశాను.

"నాది బోడికొండ సార్," అంది. "రెండొందల ముప్పై రెండు కిలోమీటర్లు."

మహానందిగారు కాసేపు నవ్వారు.

"బోడికొండ మా అత్తగారి ఊరమ్మా! స్కూటరు మీద పోయి భోంచేసి వస్తుంటాను. నాకా చెబుతున్నావు?"

"నేను చెప్పడం లేదు సార్. పక్క హాల్లో చెబుతున్నారు. వచ్చి వినండి."

నిజంగానే మైకులో డైరెక్టరుగారి గొంతు వినిపిస్తోంది. ముగ్గురం వెళ్ళాం. వేదిక మీద శాలువాల్లో మునిగి ఆయన ఉపన్యసిస్తున్నారు. ముందు వరసలో విలేకరులు, వాళ్ళ పక్కన పథకం లెక్కలు చూడటానికి రాజధాని నుంచి వచ్చిన ఆడిట్ పెద్దమనిషి. చౌడేశ్వరి వెనకనుంచే చెయ్యెత్తింది.

"సార్, ఒక ప్రశ్న. బోడికొండ నుంచి ఇక్కడికి ఎంత దూరం?"

డైరెక్టరుగారి ముఖం విప్పారింది. అలాంటి ప్రశ్న కోసమే ఆయన ఎదురుచూస్తున్నారు.

"రెండు వందల ముప్పై రెండు కిలోమీటర్లు!"

చప్పట్లు. మహానందిగారు ఉండబట్టలేక ముందుకొచ్చారు. "అయ్యా, తమరు క్షమించాలి. అది తొంభై చిల్లర కదా? మా అత్తగారిల్లు అక్కడే..."

చప్పట్లు ఆగాయి. ఆడిట్ పెద్దమనిషి పెన్ను తీశారు. డైరెక్టరుగారు ఆ పెన్ను వైపు చూశారు, ఆ తర్వాత మహానందిగారి వైపు చూశారు. తొంభై అని ఒప్పుకుంటే పథకం పోతుంది, విమానం పోతుంది, శాలువాలు కూడా వెనక్కివ్వాలేమో.

"మీ అత్తగారిల్లు ఎంత దూరంలో ఉందో మీ సొంత వ్యవహారం," అన్నారు, ఒక్కొక్క అక్షరం ఒత్తి. "నేను చెబుతున్నది ప్రభుత్వ దూరం. మీరు ప్రభుత్వోద్యోగి అయి ఉండి, బహిరంగ సభలో, ప్రభుత్వ దూరాన్ని ప్రశ్నిస్తున్నారా?"

మహానందిగారి పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. మెల్లగా చేతులు కట్టుకున్నారు.

"దూరం మా శాఖది కాదండి, తమ శాఖది. తమరు ఎంతంటే అంత."

మధ్యాహ్నం రెండింటికి చౌడేశ్వరి సర్టిఫికెట్లు పరిశీలించారు. హాజరుపట్టీలో 'దూరప్రాంత అభ్యర్థి' అని రాశారు. జిల్లా చరిత్రలో ఆ కోటా కింద వచ్చిన మొదటి మనిషి అని పక్కగదుల్లోంచి గుమాస్తాలు వచ్చి చూసిపోయారు. సాయంత్రం ఆరు గంటల బస్సులో, పదకొండు పల్లెలు చుట్టుకుని, అర్ధరాత్రికి ఇల్లు చేరాం. ఆ అమ్మాయి దారంతా సంచీని ఒళ్ళో పెట్టుకుని బయటి చీకటినే చూస్తూ కూర్చుంది. ఉద్యోగం వచ్చినవాళ్ళు అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ప్రభుత్వ దూరం దానంతటదే పెరిగి పెద్దదైంది. రెండు ఊళ్ళ మధ్య తిరిగే ఉద్యోగులంతా ప్రయాణభత్యం కొత్త దూరం ప్రకారం రాశారు. ఆకాశంలో రెండు వందల ముప్పై రెండు ఉండి నేల మీద తక్కువ ఉంటే ప్రజలు నేల మీదే పోతారని డైరెక్టరుగారికి తోచి, రోడ్డు పక్కనున్న రాళ్ళ మీద అంకెలు మార్పించారు. రాళ్ళు తక్కువై, కొన్ని చోట్ల ఒకే రాయి మీద మూడు అంకెలు రాశారు. విమానం ఏ రోజూ ఖాళీగా పోలేదు. అయితే చింతలదుర్గంలో ఎవరూ దిగరు. ఐదు ప్రదక్షిణాలు చేసి, ప్రసాదం తిని, అదే విమానంలో వెనక్కి వచ్చేస్తారు. తిరుగు ప్రయాణంలో కూడా ఐదు ఉంటాయి కాబట్టి గిట్టుబాటే. మహానందిగారు మాత్రం మొదట అంత వాదించిన మనిషి, ఇప్పుడు ఆ దూరాన్ని గట్టిగా నమ్ముతున్నారు. అత్తగారి ఊరు అంత దూరమైతే ఏడాదికి ఒక్కసారి మించి పోలేమని భార్యకు చెబుతున్నారట.

చౌడేశ్వరికి మా ఊరి బాలికల హైస్కూల్లోనే పోస్టింగు వచ్చింది. దూరప్రాంతంవాళ్ళను సొంత ఊరికి పంపాలని ఇంకో నిబంధన ఉందట.

బడులు తెరిచిన నెలలో మండలి అన్ని స్కూళ్ళకూ గోడ పటాలు పంచింది. రంగురంగుల పటం, రెండు ఊళ్ళ చుక్కలు, పైన పెద్ద అక్షరాలతో 'గగనదూరం 232 కి.మీ.' అని. మా ఊరి స్కూలుకు ఇవ్వడానికి నేనే వెళ్ళాను. చౌడేశ్వరి ఏడో తరగతికి పాఠం చెబుతోంది. నన్ను చూసి నవ్వి, పటం అందుకుని, తానే మేకుకు తగిలించింది. నేను డైరెక్టరుగారి సందేశం చదివి వినిపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతా పద్ధతిగా జరిగింది.

రెండో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. చేతిలో స్కేలు ఉంది. అనుమతి లేకుండానే పటం దగ్గరికి వచ్చి రెండు చుక్కల మధ్య పెట్టి చూసింది.

"టీచర్, కింద ఒక సెంటీమీటరుకు ఇరవై కిలోమీటర్లని రాసుండాది. ఈడ నాలుగున్నర చిల్లరే ఉండాది. రెండొందల ముప్పై రెండు ఎట్లయితాది?"

ప్రదక్షిణాల సంగతి పటం వేసినవాడికి ఎవరూ చెప్పలేదు. చౌడేశ్వరి పటం వైపు చూసింది, నా వైపు చూసింది. నేను పై అధికారుల తరఫున వచ్చిన మనిషిని. ఆమె ఉద్యోగానికి ఇంకా రెండేళ్ళు ప్రొబేషను ఉంది. ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టెయ్యమ్మా అని నేను కళ్ళతోనే అన్నాను.

సుద్దముక్క తీసుకుంది. బోర్డు మీద రెండు చుక్కలు పెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి తిన్నగా గీత గీసింది. గీత కింద తొంభై రెండు అని రాసింది.

"నీ స్కేలే కరెక్టు పాపా," అంది. "నాకు ఉద్యోగం ఇచ్చింది రెండొందల ముప్పై రెండు. నేను మీకు చెప్పాల్సింది తొంభై రెండు."

గీత ఏమాత్రం వంకర పోలేదు. ఏం చెప్పను, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దగ్గు వచ్చినట్టు నటించి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

ఆ పిల్ల ఇంకా కూర్చోలేదు.

"మరి పరీక్షలో ఏది రాయాల టీచర్?"

ఈసారి చౌడేశ్వరి సుద్దచెయ్యి దులుపుకుని, ఎంతో మర్యాదగా నా వైపు చూపించింది. నలభైమంది పిల్లలు ఒక్కసారిగా నా వైపు తిరిగారు. ఆ ప్రశ్నను ఆ రోజే చింతలదుర్గంలో ఉన్న మా పై కార్యాలయానికి రాసి పంపాను. జవాబు బయల్దేరిందని ఫోనులో చెప్పారు. కాకపోతే అది మా విమానంలోనే వస్తోంది.